తొమ్మిదో అతుకు

మా షెడ్డులో "మోగింది" అన్న మాట పడ్డాక ఇక అప్పీలు లేదు. మామయ్యగారు చిన్న సుత్తి తీసుకుని, అతుకు వేసిన రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, తల కొంచెం పక్కకి వంచి వినేవారు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తామే, అలాగ. ఖంగుమంటే చీలిక లేనట్టు, బొదబొదలాడితే ఉన్నట్టు. ఖంగుమన్న చోట సుద్దముక్కతో ఒక గీత గీసి "మోగింది" అనేవారు. ఆ గీత పడితే బండి మా గేటు దాటొచ్చు. నలభై ఏళ్లుగా ఆయన చెవే మా షెడ్డుకి బోర్డు. అసలు బోర్డు ఒకటి రాద్దామని మా ఆయన రంగులు కలిపి పదేళ్లయింది.

ఆ ఎండాకాలం షెడ్డులో మాకు పనంతా ఒకే బండి మీద. అది మా ఆడపడుచుది. రెండు తలుపుల బండి, వయసు ఇరవై తొమ్మిదేళ్లు, కొత్తలో దాన్ని చూసి పెద్దపెద్ద బండ్లు పక్కకి తప్పుకునేవట. ఇంట్లో దాని పేరు పెంకిది. మా ఆడపడుచు మేడ మీద గదిలో ఉంటుంది, ఏడాది పొడుగునా బడి బస్సు నడుపుతుంది, పిల్లలు ఎక్కాక ముప్పై దాటనివ్వదు. ఆ కసంతా ఏడాదికి ఒక్క ఆదివారం, వానలు మొదలవక ముందు, ఊరవతల కొండ మీద జరిగే పాత బండ్ల పోటీలో తీర్చుకుంటుంది. పద్నాలుగు మలుపులు. ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ లేదు. వచ్చే ఏడాది నుంచి ముప్పై నిండిన బండ్లను రానివ్వమని క్లబ్బు వాళ్లు కాగితం పంపారు. అంటే పెంకిదానికి అదే ఆఖరి కొండ.

పోటీకి తొమ్మిది వారాల ముందు ఒక ఉదయం ఆమె బండి తెచ్చి షెడ్డు మధ్యలో ఆపింది.

"వదినా, మలుపు తిరుగుతుంటే వెనకాల ఎవరో తలుపు తడుతున్నట్టుంది."

"లోపలికి రమ్మనకపోయావా?"

"నవ్వకు. నిజంగానే తడుతున్నారు."

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా విషయంలో అది తప్పు. ఆమె పూర్తి మొగుడు, మా ఆయనే సగం. ఆమె చెప్పాక కాదనడం ఉండదు గనక ఆ పూటే బండిని నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తాం. వెనక చక్రాల మధ్య ఇరుసును మోసే ఇనుప చట్రం ఒకటుంటుంది, దాన్ని దించాం. ఆ చట్రం బండి అడుగు రేకుకి నాలుగు చోట్ల బోల్టులతో బిగిసి ఉంటుంది. ఇంజను లాగుడంతా ఆ నాలుగు చోట్ల మీదే. ఇరవై తొమ్మిదేళ్లు లాగితే మనిషి నడుమే పడిపోతుంది, పలచటి రేకు ఎంత? అడుగున పూసిన నల్లటి పూత గీకేసరికి నాకు నెరిసిన జుట్టంతా మళ్లీ నల్లబడింది. పూత కింద మా ఆయన ఎప్పుడో కొట్టిన బూడిద రంగు, రంగు కింద తుప్పు, తుప్పు పక్కన వెంట్రుకంత సన్నటి గీతలు.

"పైన పటారం, లోన లొటారం," అన్నాను.

"నన్నేమీ అనకు. నా బాధ్యత పటారం వరకే," అన్నాడు మా ఆయన, రంగుల గదిలోంచి.

మామయ్యగారు చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దొర్లి, టార్చి వేసి చూసి, చీలిక ఉన్న ప్రతి చోటా సుద్దతో అంకె వేసుకుంటూ పోయారు. పదకొండు తేలాయి.

"ఇలాగే నడిపితే ఏమవుతుంది నాన్నా?" అని కూతురు నేల మీద కూర్చుని, బండి కిందికి ఆయన వైపు వంగి అడిగింది.

"ఏ ఏడో మలుపులోనో వెనక చక్రాలది ఒక దారి, నీది ఒక దారి."

"బాగవుతుందా మరి?"

"రేకు బాగవుతుంది. లోపల రబ్బరు బుష్షులు నాలుగూ మార్చాలి. అవి అరిగిపోయి చట్రం కొట్టుకుంటోంది, ఆ దెబ్బలకి రేకు చీలింది. రెండేళ్ల కిందట రబ్బరు మార్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాం." బండి కింద ఉన్నారు గనక ఆయన ముఖం కనపడలేదు. "తెచ్చుకున్నాం" అనడంలో నన్ను కూడా కలిపారని మాత్రం తెలిసింది.

మా ఇంట్లో వెల్డింగ్ నాది. కొడుక్కి నేర్పుదామని మామయ్యగారు రెండేళ్లు పెనుగులాడి, మా ఆయన ముట్టుకున్న ప్రతి రేకుకీ కిటికీ పడుతుండటంతో, చివరికి వంటింట్లోంచి నన్ను పిలిచారు. పంతొమ్మిదేళ్లయింది. చీలిక మొన ఎక్కడ ఆగిందో చూసి అక్కడ చిన్న చిల్లు వెయ్యడం మొదటి పని. చిల్లు లేకపోతే చీలిక అతుకు కింద నుంచే పాకుతుంది. తర్వాత చీలిక పొడుగునా గాడి తీసి, వేలి కణుపంత వెల్డింగ్ వేసి ఆగి, చల్లారాక ఇంకో కణుపు. తొందరపడితే రేకు అప్పడంలా ముడుచుకుంటుంది. చదును చేశాక మామయ్యగారు కొట్టి వింటారు. ఆపైన మూలలు గుండ్రంగా కత్తిరించిన మందపాటి ప్లేటు వేస్తాం, ఎందుకంటే కొత్త చీలిక ఎప్పుడూ ప్లేటు మూల నుంచే పుడుతుంది.

మామయ్యగారు పెట్టిన నియమం ఒకటుంది. ఆయన సుత్తి ఎత్తాక అతుకు వేసిన మనిషి నోరు మెదపకూడదు. బాగా వచ్చిందని గానీ రాలేదని గానీ అనకూడదు. "నువ్వు చెబితే నా చెవి నీ మాట వింటుంది, రేకుని వినదు," అనేవారు. ఈ నియమాన్ని నేను పంతొమ్మిదేళ్లు పాటించాను.

రోజుకి ఒకటి, ఒకటిన్నర చొప్పున ఎనిమిది అతుకులు పూర్తయ్యాయి. నాలుగోది, ఆరోది ఆయన కొట్టి చూసి "ఊహూఁ" అన్నారు. మళ్లీ వేశాను. మిగతావి మోగాయి. మా ఆడపడుచు పొద్దున ఒక విడత, బడి వదిలాక ఒక విడత వచ్చి సుద్ద గీతలు లెక్కపెట్టుకుని వెళ్లేది. బస్సులో పిల్లలకి కూడా ఎన్ని అయ్యాయో చెప్పేదట. వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లట.

తొమ్మిదోది కుడి పక్క వెనక బోల్టు దగ్గరిది. ఆ మధ్యాహ్నం ఎండ మామూలుగా లేదు. రేకుల కప్పు కింద, ముఖానికి మాస్కు, చేతులకి తోలు తొడుగులు, ఒళ్లంతా కారిపోతోంది. నా అవస్థ చూసి మా ఆయన పెద్ద ఫ్యాను ఎత్తుకొచ్చి నా వైపు తిప్పి పెట్టాడు. ప్రేమతోనే. కానీ వెల్డింగ్ గన్నులోంచి వచ్చే గ్యాసు కరిగిన లోహానికి దుప్పటిలా కప్పి ఉండాలి. గాలి తగిలితే ఆ దుప్పటి ఎగిరిపోయి లోహంలో బుడగలు చిక్కుకుంటాయి. గన్ను చిటపటలాడటం నాకు వినపడింది. సగం కుట్టు అయ్యాక గానీ ఫ్యాను సంగతి తట్టలేదు. అప్పుడు ఆపి, గాడి తీసి, మళ్లీ మొదలుపెట్టాల్సింది. పెట్టలేదు. పూర్తి చేసి, గ్రైండరుతో నున్నగా చేశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఎలాగూ మామయ్యగారు కొట్టి "ఊహూఁ" అంటారు, అప్పుడు చల్లబడ్డాక వేద్దాంలే అనుకున్నాను. ఒళ్లు బద్ధకానికి ఇంకొకరి చెవిని తాకట్టు పెట్టాను.

ఆయన వచ్చి రెండు దెబ్బలు కొట్టారు. నేను మా ఆయన అందించిన సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నాను. ఆయన తల వంచి, నా వైపు చూసి, కాసేపు ఆగి, మళ్లీ ఒక దెబ్బ కొట్టారు. సుద్దతో గీత గీశారు.

"మోగింది," అన్నారు.

నేను సీసా దించాను. ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బాగానే వచ్చి ఉంటుంది, చిటపటలు వట్టి భ్రమేమో, ఆయన చెవి కన్నా నా అనుమానం గొప్పదా అని. మర్నాడు అన్నం తిని ఆయన కునుకు తీస్తుండగా అటక మీద నుంచి ఎర్రమందు దించాను. చీలికలు పట్టే మందు అది. రేకు మీద పోసి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, పైన తెల్లపొడి కొడితే, లోపల ఎక్కడ సందు ఉందో అక్కడ ఎర్రగా ఊరుతుంది. మామయ్యగారు దాన్ని "చెవుల్లేనివాళ్ల మందు" అని వెక్కిరించి అటక ఎక్కించి చాలా ఏళ్లయింది. తెల్లపొడి ఆరింది. తొమ్మిదో అతుకు పొడుగునా ఎర్ర చుక్కలు లేచాయి, ఒకటి కాదు రెండు కాదు. అది అతుకు కాదు, జల్లెడ.

ఆయన లేచేలోగా కోసేసి, గాడి తీసి, ఫ్యాను ఆపి, మళ్లీ వేశాను. సుద్ద గీత చెరిగిపోతే నేనే ఇంకోటి గీశాను. షెడ్డులో నేను గీత గీయడం అదే మొదటిసారి. దొంగతనం చేసినట్టే అనిపించింది.

తర్వాత నుంచీ ఆయన్ని కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. ఎదురుగా నిలబడి మాట్లాడితే చక్కగా జవాబు చెప్పేవారు. వెనక నుంచి పిలిస్తే పనిలో మునిగినట్టు ఉండేవారు. ఒకరోజు గ్యాసు సిలిండరు మూతి దగ్గర సన్నగా బుస కొడుతుంటే, పక్కనే నిలబడి మేకులు ఏరుకున్నారు. వెనకటికైతే వీధి చివర నుంచి "ఎవర్రా అది, సిలిండరు కట్టెయ్యండి" అని అరిచేవారు. నేనే వెళ్లి కట్టేశాను.  భయం వేసింది, చెప్పొద్దూ.

మా ఆయనకి చెప్పాను. ఆయన రంగు కలిపే పుల్ల తిప్పుతూ విన్నాడు.

"నాన్న చెవి సంగతి నాన్నకి చెప్పే మొనగాడు ఈ ఇంట్లో పుట్టలేదు," అన్నాడు.

"అందుకే మీకు చెబుతున్నా."

"నేను ఈ ఇంట్లోనే పుట్టానోయ్. నువ్వు బయటి నుంచి వచ్చావు. నువ్వే చెప్పు."

"చెల్లెలు కొండెక్కుతోందండీ."

పుల్ల డబ్బాలో పడేశాడు. "అతుకులన్నీ నువ్వు ఎర్రమందుతో చూస్తున్నావుగా. ఇంకేం? ఆయన గీత ఆయన గీసుకుంటాడు, నీ పరీక్ష నువ్వు చేసుకో. బండి బాగుంటే చాలదా?"

చాలుననే అనిపించింది. నిజం చెప్పాలంటే, చాలుననుకోవడం హాయిగా ఉంది. మూడు వారాలు అలాగే సాగింది. మిగతా అతుకులూ, ప్లేట్ల అంచులూ ఆయన కొట్టి మోగిందనేవారు, కునుకు తీసేవారు, నేను ఎర్రమందు పోసేదాన్ని. పదకొండూ శుభ్రంగా తేలాయి. ప్లేట్లు పడ్డాయి, కొత్త రబ్బరు బుష్షులు పడ్డాయి. అతుకుల మీద మా ఆయన తుప్పు పట్టని రంగు కొట్టాడు, బోలు భాగాల్లోకి మైనం పిచికారీ చేశాడు. నీళ్లు పోయే చిల్లులు పూడిపోయి ఉంటే పుల్లతో పొడిచి తెరిచాం. వెనక భాగం బండి పుట్టిన రోజు కన్నా గట్టిగా తయారైంది.

తొమ్మిది రోజులు ఉందనగా ముందు మూత ఎత్తాం. ముందు చక్రాల స్ప్రింగుల తలలు రెండు పక్కలా రేకు డబ్బాల్లోకి వచ్చి మూడేసి బోల్టులతో బిగుస్తాయి. వాటిని మేం గూళ్లంటాం. ఎడమ గూడు మూడేళ్ల కిందట చీలితే మామయ్యగారు స్వయంగా అతుకు వేసి, ప్లేటు వేశారు. నేనప్పుడు మా అమ్మకి ఒంట్లో బాగోలేక పుట్టింట్లో ఉన్నాను. ఆ ప్లేటు అంచున, రంగు మీద, చిన్న గీత కనపడింది. గోరు పెడితే ఆగింది.

మామయ్యగారు దాని మీద రెండు దెబ్బలు కొట్టారు.

"మోగింది."

"ఒకసారి రంగు గీకి చూద్దామా మామయ్యగారూ?" అన్నాను.

"మోగిందన్నానుగా అమ్మా."

"రంగు పగిలింది కదా, కింద ఏముందో..."

"నా అతుకు మీద నీ గ్రైండరు పెడతావా?" ఆయన గొంతు పెంచలేదు. సుత్తిని గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నారు, అంతే.

మా ఆడపడుచు అప్పుడే బస్సు అప్పగించి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "వదినా, ఇప్పుడు మళ్లీ విప్పితే పోటీకి ఎప్పుడు బిగిస్తావు? నాన్న మోగిందన్నాడు కదా?"

"విన్నాను. అయినా చూద్దామంటున్నా."

"నాన్న మాట మీద కూడా నమ్మకం లేదా? ఆరు కొండలెక్కాను నేను, ఆ మాట మీదే. నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే!"

అంటే అంది, ఏమీ తెలియకుండానే. నేను మామయ్యగారి వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. ఆయన కూడా నన్నే చూస్తున్నారు. ఆమె విసురుగా మేడెక్కి వెళ్లిపోయింది. మా ఆయన రంగుల గది తలుపు లోపల నుంచి మెల్లిగా వేసుకున్నాడు.

షెడ్డులో మేమిద్దరం మిగిలాం. నేను వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను, పెదవులు కనపడేలా.

"మామయ్యగారూ, తొమ్మిదోది మోగలేదు. నేను మళ్లీ వేశాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఏది తొమ్మిదోది?"

"కుడి వెనక బోల్టు దగ్గరిది. ఫ్యాను గాలికి పాడైంది. నాకు వేస్తున్నప్పుడే తెలుసు. మీరు పట్టుకుంటారనుకున్నాను."

"నువ్వు నీళ్లు తాగుతున్నావు ఆ వేళ," అన్నారాయన.

నాకు అర్థం కాలేదు.

"అతుకు చెడితే నువ్వు కింది పెదవి కొరుక్కుంటావు. నీకు తెలీదు. నాలుగోదానికి కొరుక్కున్నావు, ఆరోదానికి కొరుక్కున్నావు. తొమ్మిదోదానికి మూతికి సీసా అడ్డం పెట్టుకున్నావు. ఎంతసేపు చూసినా దించవే!"

"మరి రేకు..."

"రేకు నాకు మోగి చాలా కాలమైందమ్మా. నీ మొహం చూసి చెబుతున్నాను."

నవ్వొచ్చింది నాకు, సిగ్గు లేకుండా. ఆయన నా ముఖాన్ని నమ్ముకున్నారు, నేను ఆయన చెవిని నమ్ముకున్నాను, రేకుని ఎవరూ చూడలేదు. నోరు మెదపకూడదని నాకు నియమం పెట్టిన మనిషి, నా నోటిని చూసే పని నడిపించారు. ఆయన కూడా నవ్వారు గానీ, ఆ నవ్వు మధ్యలోనే ఆగింది.

"మరి ఈ గూడు?" అని అడిగాను. "దీనికి నా మొహం లేదు కదా. ఇది మీరు వేసింది."

 ఆయన లేచి వెళ్లి గ్రైండరు తీసుకున్నారు. నేను చెయ్యి చాస్తే ఇవ్వలేదు. తన ప్లేటు తానే కోసుకున్నారు, అంచు వెంబడి, ఒక్క చోట కూడా గీత తప్పకుండా. చేతుల్లో ఏ లోపమూ రాలేదు ఆయనకి. ప్లేటు ఊడొచ్చాక అటక మీది డబ్బా తెమ్మన్నారు. ఆ మందుకి వేరే పేరేదీ పెట్టకుండా, "ఆ డబ్బా తే" అన్నారు.

ఎరుపు ఊరింది. మూడేళ్ల కిందట చీలిక మొన అనుకుని ఆయన చిల్లు వేసిన చోటుకి వేలెడు అవతల అసలు మొన ఉండిందన్నమాట, కంటికి ఆననంత సన్నగా. అక్కణ్ణుంచి అది ప్లేటు చాటునే పాకి, మూడు బోల్టుల్లో రెండింటిని చుట్టి, గూడు మడత దాటి లోపలి రేకులోకి దిగింది. ఆ రెండు బోల్టులూ ఊడొస్తే చక్రం లోపలికి ఒరుగుతుంది, స్టీరింగు చేతిలో ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

అతుకు మీద అతుకు వేస్తే రెండు రోజుల్లో అయిపోతుంది. కొండ ఎక్కుతుంది కూడా. ఎన్నో మలుపు దాకా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. సరిగ్గా చెయ్యాలంటే గూడు మొత్తం కోసి, కొత్తది వంచి, కొలతలు సరిచూసి పెట్టాలి. నెల పని.

"నేను చెబుతాను తనకి," అన్నాను. "ప్లేటు తీస్తుంటే గూడు నేనే కాల్చేశానంటాను. ఎలాగూ కోపంగానే ఉంది నా మీద, దానికి ఇదీ కలుస్తుంది."

ఆయన ఎర్రమందు తుడిచిన గుడ్డ మడిచి, డబ్బాకి మూత పెట్టారు. 

మర్నాడు సాయంత్రం ఆమె బస్సు తాళాలు వేలికి తిప్పుకుంటూ లోపలికొచ్చి, ఎర్రబడ్డ గూడు చూసి ఆగిపోయింది. నేను ముందు రోజు కూడదీసుకున్న అబద్ధం మొదలుపెట్టాను. "ఏం జరిగిందంటే, నేను ప్లేటు..."

"నువ్వు ఉండమ్మా," అన్నారు మామయ్యగారు. స్టూలు మీద నుంచి లేచారు. "అది లోపల చీలే ఉంది. బండి వెళ్లదు. మోగిందని అబద్ధం చెప్పాను. నాకు వినపడదు."

మా ఆడపడుచు తాళాలు తిప్పడం ఆపింది. నా వైపు చూసింది, మళ్లీ ఆయన వైపు చూసింది.

"ఎప్పట్నుంచి?"

"సన్న చప్పుళ్లు పోయి రెండేళ్లు. ఇప్పుడు తక్కినవీ పోతున్నాయి."

"అంటే పోయినేడు కొండకి ముందు కూడా..."

"వినపడలేదు."

"దీని మీదే కదా నాన్నా నేను ఎక్కింది? పోయినేడు దీని మీదే కదా?"

"ఊఁ."

రంగుల గది తలుపు తెరుచుకుని మా ఆయన బయటికొచ్చి నిలబడ్డాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

"ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది ఆమె. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆయన గూడు అంచు మీద చెయ్యి ఆనించి, ఆ చీలిక కేసే చూస్తూ అన్నారు, "చెబితే నువ్వు ఇంక నన్ను అడగవు కదమ్మా."

ఆమె తాళాలు బల్ల మీద పెట్టి మేడెక్కింది. ఆ ఎనిమిది రోజులూ ఆయనతో మాట్లాడలేదు. అన్నం వడ్డించేది, మంచినీళ్లు పెట్టేది, గ్లాసు చప్పుడయ్యేలా పెట్టేది కాదు గానీ మాట మాత్రం లేదు. నాతో రెండో రోజుకే మాట్లాడింది. "శంఖం మాట అనకుండా ఉండాల్సింది వదినా," అంది. "నన్నే కదా అన్నావు, నాకేం ఫర్లేదు," అన్నాను. ఆయన షెడ్డులోకి రావడం మానలేదు. వచ్చి, గూడు కొలతలు తీసి, కాగితం మీద గీసి పెట్టి వెళ్లేవారు. సుత్తి జేబులోంచి తీయలేదు.

పోటీ రోజున, బండి లేకపోయినా, క్లబ్బు వాళ్లు ఆమెని ఏడో మలుపు దగ్గర జెండా పట్టుకోమన్నారు. వెళుతుందని నేననుకోలేదు. వెళ్లింది. మామయ్యగారు తనూ వస్తానని ఎవరితోనూ చెప్పకుండా చొక్కా మార్చుకుని, ఆమె వెనకే వెళదామని నేనెక్కిన ఆటోలో నా పక్కన వచ్చి కూర్చున్నారు.

ఏడో మలుపు దగ్గర రోడ్డు పక్కన కాస్త చదును చేసిన చోటుంది. ఆమె జెండాతో ముందు నిలబడింది. మేం వెనక. కింద నుంచి మొదటి బండి బయల్దేరినట్టుంది, ఇంజను మోత కొండకి తగిలి పైకొస్తోంది. నాకు వినపడుతోంది, ఆమెకి వినపడుతోంది. మామయ్యగారు రోడ్డు మీద చీలినట్టున్న తారు అంచుని చూడాలనుకున్నారో ఏమో, రెండు అడుగులు ముందుకేసి రోడ్డు మీదకి వంగారు. నేను పిలిచాను. వెనక నుంచి పిలిచాను, అదీ నా తెలివి.

ఆమె జెండా ఎడమ చేతిలోకి మార్చి, కుడి చేత్తో ఆయన చొక్కా భుజం దగ్గర పట్టుకుని వెనక్కి లాగింది. బండి మలుపు తిరిగి, గులకరాళ్లు మా కాళ్ల మీదికి చిమ్ముకుంటూ వెళ్లిపోయింది.

ఆయన ముఖం తెల్లబోయింది. "చూడలేదమ్మా," అన్నారు.

"చూసేది కాదు అది," అంది. ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట. "ఇక్కడ నిలబడు. నేను చెబుతాను."

ఆయన్ని తన పక్కకి, తన ముఖం కనపడేంత దగ్గరికి జరుపుకుంది. ఇంకా కోపంగానే ఉంది. ఆ కనుబొమలు నాకు తెలుసు. కింద నుంచి రెండో మోత మొదలైంది. ఆమె ఆయన వైపు తిరిగి, "వస్తోంది," అంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

ఆ రోజు నలభై ఒక్క బండ్లు కొండెక్కాయి. నలభై సార్లు ఆమె అలాగే తిరిగి చెప్పింది. నలభై సార్లూ ఆయన వెనక్కి అడుగు వేశారు.